స్టెయిన్‌లెస్ షీట్ పనిలో పంచ్ అంచులు ఊడుతున్నాయి, డ్రా రింగ్ మీద కోటింగ్ లేచిపోతోంది: ఏ కోటింగ్ వేయించాలి?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా రాస్తాను, మిగతావాళ్లకీ విషయం అర్థమవుతుంది. 1.2 ఎంఎం మందం ఉన్న 304 స్టెయిన్‌లెస్ షీట్‌లో చిల్లులు కొట్టి, తర్వాత కప్పులా డ్రా చేస్తున్నారు. చిల్లు కొట్టే పంచ్‌లు, షీట్‌ని కప్పులా వంచి లోపలికి జార్చే డ్రా రింగ్ అన్నీ డీ2 అనే టూల్ స్టీలు, హార్డ్‌నెస్ 60 నుంచి 61 హెచ్‌ఆర్‌సీ (రాక్‌వెల్ సీ స్కేలు). అన్నిటికీ బంగారు రంగు టీఐఎన్, అంటే టైటానియం నైట్రైడ్, వేయించారు. సన్న పంచ్‌ల అంచులు పెచ్చులుగా ఊడుతున్నాయి. డ్రా రింగ్ మీద కోటింగ్ పొరలుగా లేచి, కప్పుల మీద నిలువు గీతలు పడుతున్నాయి. ఇంతకంటే మంచి కోటింగ్ ఏది, డీఎల్‌సీ, అంటే వజ్రం లాంటి కార్బన్ పొర, వేయిస్తే సరిపోతుందా అని అడిగారు. చివర్లో జింకు పూత షీట్ పని గురించీ అడిగారు.

డీఎల్‌సీ జోలికి వెళ్లకండి. మిగతావేవీ మార్చకుండా కోటింగ్ ఒక్కటే మారిస్తే ఏది వేయించినా మళ్లీ ఇక్కడికే వస్తారు. మీ దగ్గర ఉన్నవి రెండు వేరు వేరు జబ్బులు. పంచ్ అంచు ఊడటానికి ఏ కోటింగూ మందు కాదు. డ్రా రింగ్‌కి కోటింగ్ కచ్చితంగా కావాలి, కానీ దాన్ని మోయాల్సిన స్టీలే మెత్తబడిందని నా అనుమానం. మీరు రాసిన 61 హెచ్‌ఆర్‌సీ అన్న ఒక్క అంకె చూసే ఈ అనుమానం వచ్చింది. ఎందుకో కింద చెబుతాను.

కోటింగ్ కేటలాగు తెరిచే ముందు పాడైన టూల్‌ని చూడాలి. నూనె పోయేలా తుడిచి, పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం పెట్టి, లైటు పక్కనుంచి ఏటవాలుగా పడేలా పట్టుకోండి. అంచు నున్నగా గుండ్రబడి, షీట్ జారిన దిక్కునే సన్నటి గీతలు కనిపిస్తే అది రాపిడి వల్ల అరుగుదల. షీట్ లోహమే టూల్ మీద గడ్డలుగా అతుక్కుని, గోటితో గీస్తే తగులుతుంటే అది గాలింగ్. అంచులో గుంటలు పడి, గుంట లోపల గరుకుగా బూడిద రంగు ముఖం కనిపిస్తే చిప్పింగ్. అంచు విరగకుండా ఉబ్బితే, పంచ్ మొన దగ్గర మైక్రోమీటర్ పెడితే కొలత పెరిగి ఉంటే, స్టీలు ఒత్తిడికి లొంగిపోయిందన్నమాట. మూల దగ్గర నుంచి లోపలికి పాకిన పగులుంటే అది అలసట వల్ల వచ్చింది. ఈ అయిదింటిలో మొదటి రెండే కోటింగ్ పని. మిగతా మూడూ స్టీలు ఎంపిక, హీట్ ట్రీట్‌మెంట్, క్లియరెన్స్ (పంచ్‌కీ, అది దిగే డైకీ మధ్య సందు), అలైన్‌మెంట్‌ల పని.

కారణం మందమే. పీవీడీ కోటింగ్, అంటే వాక్యూమ్ చాంబర్‌లో లోహపు ఆవిరితో పట్టించే టీఐఎన్ లాంటి పొర, మామూలుగా 2 నుంచి 5 మైక్రాన్లు ఉంటుంది. గట్టిదనంలో టూల్ స్టీలుకి మూడు నాలుగు రెట్లు, కానీ బరువు మోసే శక్తి దానికి సొంతంగా లేదు. కింద స్టీలు కుంగిందంటే పైన పొర వంగలేదు, పగులుతుంది. మెత్తటి మట్టి మీద గాజు పలక పరిచి దాని మీద నడిస్తే ఏమవుతుందో అదే.

పంచ్‌ల సంగతి ముందు చూద్దాం. డీ2లో కార్బన్ 1.5 శాతం, క్రోమియం 12 శాతం దాకా ఉంటాయి. కరిగిన స్టీలు గడ్డకట్టేటప్పుడు ఈ రెండూ కలిసి పెద్ద పెద్ద కార్బైడ్ ముద్దలుగా తయారవుతాయి. రాపిడికి అవి బాగా తట్టుకుంటాయి. సన్న పంచ్ మొన మీద పక్కనుంచి తోపు వచ్చినప్పుడు మాత్రం పగులు మొదలయ్యేది ఆ ముద్దల దగ్గరే. 304 షీట్ చిల్లు పడుతూనే గట్టిపడిపోతుంది, పంచ్ వెనక్కి వచ్చేటప్పుడు దాన్ని బిగించి పట్టుకుంటుంది కూడా. అంచు దిగేటప్పుడు నొక్కుడు, లేచేటప్పుడు లాగుడు రెండూ భరించాలి. ఇక్కడ కావలసింది దృఢత్వం. ఎం2 హైస్పీడ్ స్టీలుకి మారితే కొంత మేలు. లోహపు పొడితో తయారయ్యే పౌడర్ మెటలర్జీ స్టీళ్లు, అంటే వానడిస్ 4 ఎక్స్‌ట్రా, సీపీఎం ఎం4 లాంటివి, ఇంకా బాగుంటాయి. వాటిలో కార్బైడ్‌లు చాలా చిన్నవి, అంతటా సమంగా పరుచుకుని ఉంటాయి. సన్న పంచ్‌కి వాడే స్టీలు ముక్క ఎంత, ఆ ఖరీదు తేడా ఎంత? ప్రెస్ ఒక్కసారి ఆగితే పోయేదానితో పోల్చి చూడండి.

క్లియరెన్స్ మీరు రాయలేదు. మైల్డ్ స్టీలు అలవాటు మీద ఒక్కో పక్కకి షీట్ మందంలో 5 శాతం పెట్టి ఉంటారని ఊహిస్తున్నాను. 1.2 ఎంఎం మీద అది 0.06 ఎంఎం. స్టెయిన్‌లెస్‌కి ఒక్కో పక్కకి 8 నుంచి 10 శాతం, అంటే 0.10 నుంచి 0.12 ఎంఎం పెట్టి చూడండి. చిల్లు కాస్త పెద్దదవుతుందేమోనని భయపడొద్దు, పియర్సింగ్‌లో, అంటే చిల్లు కొట్టడంలో, చిల్లు సైజు పంచ్ సైజు మీదే ఆధారపడుతుంది. అదనంగా ఇచ్చే క్లియరెన్స్ డై వైపే ఇవ్వాలి. బర్, అంటే తెగిన అంచున లేచే ముల్లు, పెరుగుతుందేమో గమనించుకుంటూ వెళ్లండి. క్లియరెన్స్ పెరిగేకొద్దీ పంచ్‌ని వెనక్కి లాగే బలం తగ్గుతుంది. పంచ్ గోడల అరుగుదలలో పెద్ద వాటా ఆ వెనక్కి వచ్చే ప్రయాణానిదే. అలాగే పంచ్ డైలోకి అవసరానికి మించి దిగుతోందేమో చూడండి. చెత్త ముక్క తెగి కిందకి జారితే చాలు, అంతకు మించి దిగే ప్రతి మిల్లీమీటరూ గోడ మీద అనవసరపు రాపిడే.

వైర్‌కట్ చేసిన పంచ్‌లా, గ్రైండ్ చేసినవా? ఈ ప్రశ్న తప్పకుండా అడగాలి. వైర్‌కట్‌లో సన్న తీగ కరెంటు స్పార్కులతో కోస్తుంది, ఆ స్పార్కు తగిలిన చోట స్టీలు కరిగి, వెంటనే చల్లారి, కొన్ని మైక్రాన్ల మందాన తెల్లటి పెళుసు పొరగా మిగులుతుంది. దాని నిండా కంటికి కనిపించని పగుళ్లుంటాయి. ఒక్క రఫ్ కట్‌తో వదిలేస్తే ఆ పొర మందంగా ఉంటుంది, రెండు మూడు ఫినిషింగ్ కట్లు వేస్తే బాగా పలచనవుతుంది. అయినా పూర్తిగా పోదు, పాలిష్ చేసో సన్నటి గ్రిట్‌తో బ్లాస్ట్ చేసో తీసేయాలి. దాని మీదే కోటింగ్ వేస్తే, కోటింగ్ పట్టుకున్నది ఆ పెళుసు పొరని. పెచ్చు ఊడినప్పుడు రెండూ కలిసి ఊడతాయి, తిట్లు మాత్రం కోటింగ్ వేసినవాడికి పడతాయి. గ్రైండింగ్‌లో కాలిన మచ్చలూ అలాంటివే. పైన రంగు పోయేలా రుద్దేసినా కింద మెత్తబడిన పొర అలాగే ఉండిపోతుంది.

ఇప్పుడు డ్రా రింగ్. 61 హెచ్‌ఆర్‌సీ దగ్గర ఎందుకు ఆగానో చెబుతాను. డీ2ని రెండు దారుల్లో టెంపర్ చేస్తారు, అంటే హార్డెనింగ్ తర్వాత మళ్లీ వేడి చేసి పెళుసుదనం తగ్గిస్తారు. ఒకటి తక్కువ వేడి దారి: 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర టెంపర్ చేస్తే 60 నుంచి 62 వస్తుంది. రెండోది ఎక్కువ వేడి దారి: హార్డెనింగ్ కాస్త పై ఉష్ణోగ్రతలో చేసి, 500 నుంచి 525 డిగ్రీల దగ్గర రెండుసార్లో మూడుసార్లో టెంపర్ చేస్తే 58 నుంచి 60 వస్తుంది. అంకె ఎక్కువ కనిపిస్తుంది కాబట్టి చాలామంది హీట్ ట్రీట్‌మెంట్ వాళ్లు అడగకపోతే మొదటి దారిలోనే వెళ్తారు. కోటింగ్ లేని టూల్‌కి అది బాగానే ఉంటుంది. కానీ టీఐఎన్ లాంటి పీవీడీ కోటింగ్‌లు వేసే చాంబర్ మామూలుగా 400 నుంచి 480 డిగ్రీల మధ్య గంటల తరబడి నడుస్తుంది. 200 డిగ్రీల దగ్గర టెంపర్ చేసిన రింగ్ అందులోకి వెళ్లిందంటే మీకు తెలియకుండా ఇంకోసారి టెంపర్ అయినట్టే. హార్డ్‌నెస్ కొన్ని పాయింట్లు పడిపోతుంది. హార్డెనింగ్‌లో మారకుండా లోపల మిగిలిపోయిన ఆస్టెనైట్ అనే మెత్తటి రూపం కొంత మారి, కొలతలు కూడా కదలొచ్చు. పైన బంగారు రంగు నిగనిగలాడుతూ ఉంటుంది, కింద స్టీలు మెత్తబడి ఉంటుంది. బయటికి కనిపించేది రంగు ఒక్కటే కాబట్టి ఎవరూ అనుమానించరు.

ఇది తేల్చుకోవడం సులువు. రింగ్ కింది ముఖం మీద, పనికి తగలని చోట, రాక్‌వెల్ టెస్టర్ పెట్టండి. కోటింగ్ ఉంటే రీడింగ్ తప్పు చూపిస్తుందేమోనన్న అనుమానం అక్కర్లేదు. 60 హెచ్‌ఆర్‌సీ స్టీలులో ఆ డైమండ్ కోన్ పెద్ద లోడ్ మీద అదనంగా దిగే లోతు 80 మైక్రాన్లు. పైనున్న 3 మైక్రాన్ల పొర ఆ లెక్కలో దాదాపు కనిపించదు. 60 దగ్గరే ఉంటే నా అనుమానం తప్పు, అప్పుడు ఫినిష్ వైపు చూడాలి. 55, 56 దగ్గరకి వచ్చి ఉంటే కారణం దొరికినట్టే.

కాబట్టి హీట్ ట్రీట్‌మెంట్‌కి ఇచ్చేటప్పుడే, ఈ ముక్కకి తర్వాత పీవీడీ ఉంది, 500 పైన టెంపర్ చేయండి అని డ్రాయింగ్ మీదే రాసి పంపాలి. ఆఖరి టెంపరింగ్ ఉష్ణోగ్రత కోటింగ్ ఉష్ణోగ్రత కంటే కనీసం 30 డిగ్రీలు ఎక్కువ ఉండాలని నా నియమం. అంకె 61 నుంచి 59కి దిగినా బాధ లేదు. ఓ1 లాంటి ఆయిల్ హార్డెనింగ్ స్టీలుకి ఈ దారే లేదు, పైకి టెంపర్ చేస్తే మెత్తబడిపోతుంది. దానికి పీవీడీ వేయించాలంటే 200 డిగ్రీల లోపు చేసే ప్రత్యేక రకం కావాలి, లేదా స్టీలే మార్చుకోవాలి. ఎం2, పౌడర్ స్టీళ్లు ఎలాగూ 520 నుంచి 560 మధ్య టెంపర్ అవుతాయి కాబట్టి వాటితో ఈ తలనొప్పి రాదు.

ఫినిష్ గురించి. కోటింగ్ గరుకుతనాన్ని కప్పదు, కింద ఉన్నది ఉన్నట్టు పైకి అచ్చు వేస్తుంది. గరుకు మీద వేసిన గట్టి కోటింగ్ ఆకురాయిలా షీట్‌ని గీరుతుంది. డ్రా రింగ్ రేడియస్ మీద, అంటే షీట్ జారే గుండ్రటి అంచు మీద, ఆర్ఏ (గరుకుతనపు సగటు కొలత) 0.1 మైక్రాన్ దగ్గరకి రావాలి, ఆఖరి పాలిష్ గీతలు షీట్ జారే దిక్కునే ఉండాలి. లేత్ మీద రింగ్ తిప్పుతూ ఎమరీ పట్టుకుంటే గీతలు చుట్టూతా వస్తాయి, అంటే షీట్ దిక్కుకి అడ్డంగా. చూడటానికి అద్దంలా ఉంటుంది, స్టెయిన్‌లెస్ మాత్రం ఆ అడ్డ గీతల్లోనే మొదట అతుక్కుంటుంది. ఆఖరి రుద్దుడు చేత్తో, రేడియస్ మీదుగా లోపలికి లాగుతూ చేయాలి. విసుగు పనే, కానీ ఈ పనిలో దీనికి మించిన లాభం ఇంకొకటి లేదు. కోటింగ్ వేశాక కూడా ఒకసారి సన్నటి డైమండ్ పేస్టుతో తేలిగ్గా పాలిష్ పట్టాలి. ఆర్క్ పద్ధతిలో వేసే పీవీడీలో కరిగిన లోహపు బిందువులు పొరలో చిన్న చిన్న మొటిమల్లా చిక్కుకుంటాయి. అవి పోకపోతే మొదటి కప్పు నుంచే గీతలు మొదలవుతాయి. స్పటరింగ్ పద్ధతిలో ఈ బిందువులు చాలా తక్కువ.

ఇక కోటింగ్‌ల దగ్గరికి వద్దాం. టీఐఎన్ అన్నిటికంటే పాతది, సుమారు 2300 విక్కర్స్ (గట్టిదనం కొలిచే ఇంకో స్కేలు). చెడ్డదేమీ కాదు, మామూలు మైల్డ్ స్టీలు పియర్సింగ్‌కి చాలు. రంగు వల్ల ఒక ఉపయోగం ఉంది, ఎక్కడ అరిగిందో కంటితోనే తెలిసిపోతుంది. స్టెయిన్‌లెస్ గాలింగ్ ముందు మాత్రం ఎక్కువ కాలం నిలబడదు. దానిలో కార్బన్ కలిపితే టీఐసీఎన్ అవుతుంది: గట్టిదనం 3000 విక్కర్స్ దాకా, రాపిడి తక్కువ, రంగు నీలం బూడిద. దాని బలహీనత వేడి, 400 డిగ్రీలు దాటితే పాడవుతుంది. ప్రెస్ పనిలో, నూనె వాడుతూ, మామూలు వేగంలో ఆ వేడి రాదు. అందుకే స్టెయిన్‌లెస్ పియర్సింగ్‌కి నా మొదటి ఎంపిక టీఐసీఎన్.

అల్యూమినియం కలిసిన నైట్రైడ్‌లు, అంటే అల్యూమినియం టైటానియం నైట్రైడ్, అల్యూమినియం క్రోమియం నైట్రైడ్, గురించి కోటింగ్ సేల్స్ వాళ్లు గట్టిగా చెబుతారు. మొదటిది 800 డిగ్రీలు, రెండోది 1000 డిగ్రీలు దాటినా తట్టుకుంటాయి. వేడెక్కినప్పుడు పైన అల్యూమినియం ఆక్సైడ్ పొర ఏర్పడి కాపాడుతుంది. మిల్లింగ్ కట్టర్‌కి అది వరం. చల్లటి ప్రెస్ పనిలో ఆ వేడి శక్తికి మనం డబ్బు కట్టి వాడుకోనట్టే. డీపీ 800, డీపీ 980 లాంటి అధిక బలం గల షీట్లు వేరు. అక్కడ అంచు దగ్గర ఒత్తిడీ వేడీ రెండూ ఎక్కువ. ముందు ప్లాస్మా నైట్రైడింగ్ చేసి, దాని మీద అల్యూమినియం క్రోమియం నైట్రైడ్ వేస్తే చాలా బాగా నిలబడుతుంది. నైట్రైడింగ్ వల్ల స్టీలు పైభాగం 1000 విక్కర్స్ పైకి గట్టిపడి కోటింగ్‌కి ఆసరా ఇస్తుంది. కానీ నైట్రైడింగ్‌లో పైన ఏర్పడే తెల్ల పొర మిగలకూడదు. మిగిలితే కోటింగ్ దాని మీద నిలవదు.

క్రోమియం నైట్రైడ్ గట్టిదనంలో వెనక, 2000 విక్కర్స్ లోపే ఉంటుంది. కానీ లోపలి ఒత్తిడి తక్కువ కాబట్టి మిగతా వాటికంటే మందంగా వేయొచ్చు, పెళుసుదనం తక్కువ. రాగి ఫార్మింగ్‌కి ఇదే సరైనది. టైటానియం ఉన్న కోటింగ్‌లకి రాగి అతుక్కుంటుంది.

మీరు అడిగిన డీఎల్‌సీ రాపిడి తగ్గించడంలో రాజు. స్టీలు మీద రాపిడి గుణకం 0.1 దగ్గర ఉంటుంది, అదే టీఐఎన్‌కి 0.4 పైమాటే. అల్యూమినియం షీట్ అతుక్కోకుండా ఉండాలంటే దీనికి సాటి లేదు. అల్యూమినియం పనికి అల్యూమినియం కలిసిన కోటింగ్ వేయించిన టూళ్లు గడ్డలు కట్టిపోతుంటాయి, అక్కడ డీఎల్‌సీకి మారగానే తేడా కనిపిస్తుంది. కానీ హైడ్రోజన్ కలిసిన మామూలు డీఎల్‌సీ 300 డిగ్రీలు దాటితే చెడిపోవడం మొదలవుతుంది, పొర పలచన, అంచు మీద ఒత్తిడి పెరిగితే లేచిపోతుంది. స్టెయిన్‌లెస్ డ్రాలో రేడియస్ మీద పడే ఒత్తిడికి నేను దాని మీద పందెం కాయను.

మీ డ్రా రింగ్‌కి అసలు పోటీదారులు వేరే ఉన్నారు: సీవీడీ, టీడీ. సీవీడీ కోటింగ్ 1000 డిగ్రీల దగ్గర వాయువుల రసాయన చర్యతో ఏర్పడుతుంది. టైటానియం కార్బైడ్ మీద టైటానియం నైట్రైడ్, మొత్తం 6 నుంచి 10 మైక్రాన్లు. ఆ వేడిలో కోటింగ్, స్టీలు ఒకదానిలోకి ఒకటి కలిసిపోయి పట్టు పీవీడీ కంటే చాలా గట్టిగా ఉంటుంది. టీడీ జపాన్‌లో టయోటా పరిశోధనశాలలో పుట్టిన పద్ధతి. వనేడియం కలిపిన కరిగిన బోరాక్స్ ఉప్పులో టూల్‌ని ముంచుతారు. స్టీలులోని కార్బన్ పైకి వచ్చి వనేడియంతో కలిసి 3000 విక్కర్స్ దాటిన వనేడియం కార్బైడ్ పొర అవుతుంది. కార్బన్ టూల్ నుంచే రావాలి కాబట్టి తక్కువ కార్బన్ స్టీలుకి ఇది పనికిరాదు, డీ2కి మాత్రం అతికినట్టు సరిపోతుంది. స్టెయిన్‌లెస్ డ్రాలో గాలింగ్ ఆపడానికి ఈ రెంటినీ మించినవి నేను చూడలేదు.

మరి అందరూ వీటినే ఎందుకు వాడరు? ఆ వేడికి టూల్ మళ్లీ హార్డెనింగ్ చేయాల్సి వస్తుంది, కొలతలు కదులుతాయి. 100 ఎంఎం సైజు మీద వందో వంతు మిల్లీమీటర్లలో కదలిక మామూలే. గ్రైండ్ చేసి సరిదిద్దుదామంటే కోటింగ్ పోతుంది. అందుకే టూల్‌ని ముందే ఒకసారి హార్డెన్ చేసి, టెంపర్ చేసి, ఎంత కదిలిందో కొలుచుకుని, ఆ తర్వాత ఫినిష్ చేసి పంపాలి. డ్రా రింగ్ గుండ్రంగా, అన్ని వైపులా సమంగా ఉంటుంది, టాలరెన్స్ కూడా కాస్త ఉదారంగా ఉంటుంది. అది దీనికి తగిన ముక్క. పది చిల్లుల పిచ్ పట్టుకోవాల్సిన డై ప్లేట్‌ని పంపితే మాత్రం తిరిగొచ్చాక మీ గైడ్ పిన్‌లే దూరవు.

హార్డ్ క్రోమ్ గురించి ఒక్క మాట. పాత డ్రా డైలకి ఇప్పటికీ వేస్తున్నారు, అంచు లేని పెద్ద ఫార్మింగ్ ముఖాల మీద, మైల్డ్ స్టీలు పనికి ఫరవాలేదు. గట్టిదనం 1000 విక్కర్స్ లోపే. కటింగ్ అంచు మీద పెచ్చులూడుతుంది. పైగా ప్లేటింగ్‌లో హైడ్రోజన్ స్టీలులోకి దూరుతుంది, బేకింగ్ చేయకపోతే గట్టి స్టీలు పెళుసెక్కి పగులుతుంది.

మందం ఎక్కువైతే ఆయుష్షు ఎక్కువని అనుకోకండి. పీవీడీ పొరలో లోపల కుదింపు ఒత్తిడి ఉంటుంది, మందం పెరిగేకొద్దీ పదునైన అంచు దగ్గర అది తనంతట తనే పొరని ఊడగొడుతుంది. పంచ్ అంచుకి 2 నుంచి 3 మైక్రాన్లు చాలు. పంపేముందు అంచుని సన్నటి రాయితో తాకించి, గ్రైండింగ్ బర్ తీసేసి, 0.02 ఎంఎం పాటి రేడియస్ ఇవ్వండి. బ్లేడులా పదునుగా పంపిన అంచు మీద కోటింగ్‌కి పట్టు ఉండదు. బర్ మీద కోటింగ్ వేస్తే మొదటి స్ట్రోక్‌కే బర్‌తో పాటు పోతుంది.

క్లియరెన్స్ లెక్కలో ఈ మందం మీకు పట్టించుకోనక్కర్లేదు. 0.1 ఎంఎం క్లియరెన్స్‌లో 3 మైక్రాన్లు ఎంత? కానీ 0.2 ఎంఎం షీట్ కొట్టేవాళ్లు ఆలోచించాలి. ఒక్కో పక్కకి 5 శాతం అంటే వాళ్లకున్నది 10 మైక్రాన్లే. పంచ్‌కి 3, డైకి 3 వేస్తే సగానికి పైగా తినేసినట్టు. అక్కడ కోటింగ్ మందం తీసేసి గ్రైండ్ చేయాలి, లేదా పంచ్‌కి మాత్రమే వేయించాలి. నేనైతే మామూలుగా కూడా పంచ్‌కే వేయిస్తాను. డై గోడ మరీ జారుడుగా ఉంటే చెత్త ముక్క పంచ్‌తో పాటు పైకి లేచి వచ్చే అవకాశం పెరుగుతుంది. అది షీట్ మీద పడితే ముక్కకి ముక్క పాడు.

పీవీడీలో ఇంకో పరిమితి, లోహపు ఆవిరి ఎదురుగా కనిపించే ముఖం మీదే పడుతుంది. చిల్లులోకి సుమారు దాని వ్యాసమంత లోతు దాకా వెళ్తుంది, ఆ తర్వాత పలచబడిపోతుంది. మీ రింగ్ లోపలి గోడ ఎక్కువ లోతుంటే కింది భాగానికి కోటింగ్ సరిగా అందలేదేమో కూడా చూడండి. సీవీడీ, టీడీలకి ఈ ఇబ్బంది లేదు, వాయువూ ఉప్పూ అన్ని మూలలకీ వెళ్తాయి.

కోటింగ్‌కి పంపేటప్పుడు ముక్కతో పాటు ఒక కాగితం పెట్టండి. స్టీలు గ్రేడు, ఆఖరి టెంపరింగ్ ఉష్ణోగ్రత, హార్డ్‌నెస్, ఏ షీట్, ఎంత మందం, ఏ ముఖం పని చేసేది, ఏ ముఖం మీద కోటింగ్ పడకూడదు అన్నీ అందులో ఉండాలి. సర్ఫేస్ గ్రైండర్ చక్ మీద నుంచి తీసిన ముక్కని డీమాగ్నెటైజ్ చేయాలి. అయస్కాంతం మిగిలితే సన్నటి లోహపు పొడి అంటుకునే ఉంటుంది, దాని మీద కోటింగ్ పడుతుంది. డోవెల్ పిన్‌లు, ఇన్‌సర్ట్‌లు విప్పేయాలి. బ్రేజింగ్ చేసిన ముక్క అయితే ముందే చెప్పాలి, ఫిల్లర్‌లో జింకు గానీ కాడ్మియం గానీ ఉంటే వాక్యూమ్‌లో ఆవిరై చాంబర్ మొత్తాన్ని పాడు చేస్తుంది. తుప్పు పట్టకుండా పలచటి నూనె రాస్తే చాలు, సిలికాన్ స్ప్రే వద్దు, అది కడిగినా పోదు.

తిరిగొచ్చాక రంగు చూసి తృప్తి పడకండి. అదే స్టీలుతో, అదే హీట్ ట్రీట్‌మెంట్‌తో ఒక చిన్న ముక్క కూడా వేయించి పరీక్ష చేయించండి. వీడీఐ 3198 అనే జర్మన్ పద్ధతిలో రాక్‌వెల్ కోన్‌ని 150 కిలోల లోడ్‌తో దింపి, గుంట చుట్టూ మైక్రోస్కోపులో చూస్తారు. వెంట్రుకల్లాంటి పగుళ్లు మాత్రమే ఉంటే హెచ్‌ఎఫ్1, హెచ్‌ఎఫ్2. పొర గుంట చుట్టూ పలకలుగా ఊడిపోతే హెచ్‌ఎఫ్5, హెచ్‌ఎఫ్6, అవి తిరస్కరించాలి. ఇది మీ టూల్ రూమ్‌లోనే చేసుకోవచ్చు, రాక్‌వెల్ టెస్టర్ ఉంటే చాలు. మందానికి కాలోటెస్ట్ ఉంది, తిరిగే స్టీలు బంతి డైమండ్ పేస్టుతో పొరని చిన్న గిన్నెలా అరగదీస్తుంది, ఆ వలయాల వ్యాసం కొలిచి మందం లెక్కగడతారు.

జింకు పూత షీట్ పని గురించి కూడా చివర్లో అడిగారు. దానికి తొందరపడి కోటింగ్ వేయించకండి. జింకు మెత్తది, ఎంత గట్టి పొర వేసినా పొడిలా రాలి టూల్ మీద పేరుకుంటుంది. నైట్రైడింగ్, మంచి పాలిష్, నియమంగా తుడవడం చాలాసార్లు సరిపోతాయి.

మీ పనిలో నేనైతే ఇలా చేస్తాను. పంచ్‌లు పౌడర్ స్టీలు, 60 నుంచి 62 హెచ్‌ఆర్‌సీ, 520 పైన టెంపరింగ్, క్లియరెన్స్ 9 శాతం దగ్గర, టీఐసీఎన్ 3 మైక్రాన్లు. అంచు మొద్దుబారితే ముఖం మాత్రమే గ్రైండ్ చేసి మళ్లీ ఎక్కించండి. ముఖం మీద కోటింగ్ పోతుంది, పక్క గోడల మీద ఉంటుంది, పియర్సింగ్‌లో పని చేసేది ఆ గోడల మీదదే. అందువల్ల ప్రతి రీగ్రైండ్‌కీ మళ్లీ కోటింగ్ అవసరం లేదు. డ్రా రింగ్ డీ2తోనే కొత్తది చేసి టీడీ గానీ సీవీడీ గానీ వేయించండి. దగ్గర్లో ఆ సౌకర్యం లేకపోతే 500 పైన టెంపర్ చేసిన డీ2, పాలిష్, టీఐసీఎన్. కోటింగ్ ఏదీ వద్దనుకుంటే అల్యూమినియం బ్రాంజ్ ఇన్‌సర్ట్ పెట్టి చూడండి. స్టెయిన్‌లెస్ దానికి అతుక్కోదు, అరుగుదల మాత్రం ఎక్కువ. బ్యాచ్ చిన్నదైతే అదే చవక.

కొత్త రింగ్ ఎక్కించిన మొదటి రోజుల్లో షిఫ్టుకి ఒకసారైనా ప్రెస్ ఆపి, రేడియస్‌ని వేలితో తడిమి చూడండి. ఎక్కడైనా గరుకు తగిలితే అప్పుడే మెత్తటి రాయితో షీట్ దిక్కునే రుద్ది ఆ ముద్ద తీసేయండి. పీవీడీ రింగ్ అయితే, స్టీలు బయటపడే దాకా నడపకుండా కోటింగ్ పలచబడుతుండగానే దించి పాత పొర తీయించి కొత్తది వేయించుకోండి. స్టీలు గీసుకుపోయాక పంపితే మళ్లీ పాలిష్ పట్టాలి, సైజు పెరిగిపోతుంది. హార్డ్‌నెస్ రీడింగ్ ఎంత వచ్చిందో ఇక్కడే రాయండి, 58కి పైన ఉంటే ఫినిష్ ఫోటో కూడా పెట్టండి, చూసి చెబుతాను.